కయాక్ తెడ్డు చేసుకుందాం – 2వ పాఠం: కొలతలు, కర్ర

కయాక్ అంటే రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. వెడల్పు రెక్కల తెడ్డుకీ, గ్రీన్‌లాండ్ తెడ్డుకీ ఉన్న తేడా కిందటి పాఠంలో చూశాం. వంశధారలో పూటంతా సాగాలన్నా, తాటిపూడి జలాశయం చుట్టి రావాలన్నా నా ఓటు రెండోదానికే. దాని రెక్క సన్నగా, పొడవుగా ఉంటుంది. నీటిని మెల్లగా పడుతుంది కాబట్టి భుజం మీద కుదుపు తక్కువ. కళింగపట్నం దగ్గర మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురు కొట్టినా, పైకి లేచిన రెక్క గాలికి అంతగా చిక్కదు.

గ్రీన్‌లాండ్ ఆదివాసులైన ఇన్యూట్ వేటగాళ్లు తెడ్డును ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్లు కొలుచుకునేవారు. పొడవు ఒక బార, ఒక మూర. మీ బార 168 సెంటీమీటర్లు, మూర 45 అనుకుంటే తెడ్డు 213, అంటే దాదాపు 7 అడుగులు. పడవ వెడల్పుగా ఉంటే మరో నాలుగు వేళ్లు కలపండి. నడుమ పట్టుకునే భాగం భుజాల వెడల్పంత, సుమారు 45 నుంచి 50 సెంటీమీటర్లు. రెక్క వెడల్పు మాత్రం అరచేయి చెప్పాలి. బొటనవేలు ఒక అంచున, మిగతా వేళ్లు రెండో అంచున సుఖంగా ఆనాలి. చాలామందికి అది 8 నుంచి 9 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఒక్కోసారి చేతిని రెక్క మీదికి జరిపి తెడ్డు వేయాల్సి వస్తుంది, అప్పుడు పట్టు దొరక్కపోతే ప్రమాదం.

ఇక కర్ర. వడ్రంగిని అడిగితే టేకు అంటాడు. నీళ్లకు అది తట్టుకుంటుంది, నిజమే. కానీ బరువు! నిమిషానికి 50 సార్లు తెడ్డు వేస్తే గంటకి 3000 సార్లు ఆ బరువు ఎత్తుతున్నట్టే. పూర్తయిన తెడ్డు కిలోకి అటూ ఇటూ ఉండాలి. అందుకే ఎర్ర సెడార్ అనే తేలిక కలపని ఎక్కువమంది ఇష్టపడతారు. మనకి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కలప అడితిలో తేలికపాటి పైన్ దొరికితే చాలు. ఏడున్నర అడుగుల పొడవు, మూడున్నర అంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం అడగండి.

కొనేముందు తొందరపడకండి, సగం పని ఇక్కడే ఉంది. చెక్కలో సహజంగా ఉండే గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా నేరుగా పోవాలి. మధ్యలో అంచు దాటి బయటికి పోతే, బలం పడినప్పుడు అక్కడే చీలుతుంది. ముడులు అసలు వద్దు, ముఖ్యంగా నడుమ భాగంలో. ఒక కన్ను మూసి చెక్క పొడవునా చూడండి, మెలి ఉంటే తెలిసిపోతుంది. తర్వాత రెండు కొసల కిందా ఇటుకలు పెట్టి మధ్యలో చేత్తో నొక్కండి. కొద్దిగా వంగి మళ్లీ నిటారుగా లేవాలి. చిటపటమంటే వదిలేయండి.

ఇంటికి తెచ్చాక ఎండలో పెట్టొద్దు. నీడలో, నేలకి తగలకుండా, రెండు మూడు చోట్ల ఆనించి పడుకోబెట్టండి. రెండు వారాల తర్వాత మళ్లీ ఒక కన్ను మూసి చూడండి. అప్పటికీ నిటారుగా ఉంటేనే వచ్చే పాఠంలో దాని మీద గీతలు గీసి, చిత్రిక పడదాం.