హౌరా నుంచి కాల్కా దాకా: ఉత్తరాదిలో పొడవాటి రైలు ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి

మన వైపు రైళ్లు అలవాటైనవాళ్లు ఉత్తరాదికి వెళ్లినప్పుడు చేసే మొదటి తప్పు టైమ్‌టేబుల్‌ని నమ్మడం. విజయవాడలో బండి గంట లేటైతే ప్లాట్‌ఫామ్ అంతా విసుక్కుంటుంది. అదే జనవరి పొగమంచులో కాన్పూర్ స్టేషన్‌లో ఆరు గంటలు లేటని అనౌన్స్ చేసినా జనం దుప్పటి ఇంకాస్త బిగించి కప్పుకుని పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. అందుకే కింద చెప్పేవన్నీ ఒకే లెక్క మీద చెబుతున్నాను: బండి లేటవుతుందనే అనుకుని ప్లాన్ వేసుకోండి, టైముకొస్తే అది మీ అదృష్టం.

రూటు సంగతి ముందు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వెళ్తే దేశాన్ని నిలువుగా చూస్తారు. గంగా మైదానాన్ని అడ్డంగా, ఒక కొస నుంచి ఇంకో కొసకి చూడాలంటే హౌరా–కాల్కా నేతాజీ ఎక్స్‌ప్రెస్ (12311) ఎక్కాలి. పాతవాళ్లకి కాల్కా మెయిల్ అంటేనే తెలుస్తుంది, పేరు 2021లో మార్చారు, బండి మాత్రం 1866 నాటిది. హౌరాలో రాత్రి బయల్దేరి, తెల్లారేసరికి బిహార్, పగలంతా యూపీ, మళ్లీ రాత్రికి ఢిల్లీ, ఆ మర్నాడు తెల్లవారకముందే సిమ్లా కొండల కింద ఉండే కాల్కా. మొత్తం 1,700 కిలోమీటర్ల పైమాటే. ఇంతకన్నా వేగంగా ఢిల్లీ చేర్చే రాజధాని ఎక్స్‌ప్రెస్‌లున్నాయి కానీ అవి యూపీని రాత్రిపూట దాటించేస్తాయి, మీరు చూసేది కిటికీలో మీ మొహమే.

ఏ నెలలో వెళ్లాలి అనేది టికెట్ కన్నా ముఖ్యం. డిసెంబరు సగం నుంచి జనవరి ఆఖరు దాకా పొగమంచు, ఆ సీజన్‌లో కొన్ని బండ్లని రైల్వేవాళ్లు ముందే రద్దు చేస్తారు కూడా. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీల వడగాలి. ఇక పండగలు. హోలీకి ముందు, దీపావళి నుంచి దాని తర్వాత వారంలోపే వచ్చే ఛఠ్ పూజ దాకా ఢిల్లీ, పంజాబ్‌లలో పనిచేసే బిహార్, యూపీ జనం అంతా ఇళ్లకి వెళ్తారు, పండగయ్యాక అంతా తిరుగుతారు. అంటే పండగ ముందు తూర్పు వైపు బండ్లు కిక్కిరిసిపోతాయి, పండగ తర్వాత పడమర వైపువి. మనం వెళ్లేది పడమరకి కాబట్టి ఛఠ్ అయిన వెంటనే వచ్చే రెండు వారాలూ ఈ బండి జోలికి పోవద్దు. ఫిబ్రవరి రెండో సగం నాకిష్టం. పొలాల్లో ఆవాలు పసుపచ్చగా ఉంటాయి, చలి ఉంటుంది కానీ కొరకదు.

బుకింగ్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇదివరకటిలా 120 కాదు. కన్ఫర్మ్ అవుతుందిలే అని వెయిటింగ్ లిస్ట్ టికెట్ పట్టుకుని కూర్చోవద్దు. ఆన్‌లైన్‌లో తీసిన వెయిటింగ్ టికెట్ చార్ట్ తయారయ్యాక కూడా కన్ఫర్మ్ కాకపోతే దానంతటదే రద్దయి డబ్బులు వెనక్కి వచ్చేస్తాయి. కౌంటర్ వెయిటింగ్ టికెట్‌తో కూడా స్లీపర్, ఏసీ బోగీల్లో ఎక్కనివ్వడం లేదు. ఒక కిటుకుంది. మధ్యలో గయలోనో ఇంకెక్కడో ఎక్కేవాళ్లకి వచ్చే వెయిటింగ్ లిస్ట్ చాలా నెమ్మదిగా కదులుతుంది, బండి మొదలయ్యే స్టేషన్ నుంచి తీసిన టికెట్ది గబగబా కదులుతుంది. కాబట్టి కాస్త డబ్బులు పోయినా హౌరా నుంచే టికెట్ తీసి, బోర్డింగ్ స్టేషన్ మీకు కావాల్సినదానికి మార్చుకోండి. తత్కాల్ అయితే ఏసీకి ఉదయం 10కి, స్లీపర్‌కి 11కి. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ వెరిఫికేషన్ తప్పనిసరి, ఆ పని ముందురోజు రాత్రే చేసి పెట్టుకోండి, 9:58కి కాదు.

క్లాసు విషయంలో నా ఓటు థర్డ్ ఏసీకే. స్లీపర్‌లో కిటికీ తీసుకుని గాలి పీల్చుకుంటూ వెళ్లడంలో ఉన్న సుఖం నాకు తెలీక కాదు. కానీ యూపీలో పగటిపూట స్లీపర్ బోగీ లోకల్ బండి అయిపోతుంది, రిజర్వేషన్ లేనివాళ్లు ఒక స్టేషన్లో ఎక్కి రెండు స్టేషన్ల తర్వాత దిగిపోతుంటారు, మీ బెర్త్ మీద ఎప్పుడూ నలుగురైదుగురు ఉంటారు. వాళ్లతో గొడవ పెట్టుకోవద్దు. "భయ్యా, ఆప్ కహా తక్ జాయేంగే?" అని అడగండి, ఎక్కడిదాకా వెళ్తారని. సగంమంది అరగంటలో దిగేవాళ్లే. నిజంగా ఇబ్బంది పెడితే 139కి ఫోన్ చేయండి, లేదా రైల్‌మదద్ యాప్‌లో ఫిర్యాదు పెట్టండి, తర్వాతి స్టేషన్‌లో ఎవరో ఒకరు వస్తారు. పెద్దవాళ్లతో వెళ్తుంటే మాత్రం స్లీపర్ మాట ఎత్తొద్దు, చలికాలం రాత్రి ఆ కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి మన మంకీ క్యాప్‌లు ఆగవు. అరవై దాటిన మగవాళ్లకి, నలభై ఐదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది, వయసు సరిగ్గా కొట్టండి. బయటికి చూస్తూ కూర్చోవడానికైతే సైడ్ లోయర్, అంటే 7, 15, 23 అలా ఎనిమిదేసి పెరుగుతూ పోయే నంబర్లు. ఏసీలో దుప్పట్లు ఇస్తారు, స్లీపర్‌లో ఇవ్వరు.

ఇప్పుడు అసలు టెన్షన్: బండి ఎక్కడుందో తెలుసుకోవడం. మీ ప్రయాణం రోజు కాదు, దానికి మూడు రోజుల ముందు నుంచే బండ్లు ఎక్కడున్నాయో చూపించే రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో ఈ బండి రోజూ ఎంత లేటుగా చేరుతోందో చూస్తూ ఉండండి. ఎదురు వచ్చే బండి 12312 కూడా చూడండి, అది హౌరాకి ఆలస్యంగా వస్తే మీది బయల్దేరడమూ ఆలస్యమే కావచ్చు. మీరెక్కే స్టేషన్లో బండి మూడు గంటలు దాటి లేటైతే ప్రయాణం మానుకుని పూర్తి డబ్బులు వెనక్కి తీసుకోవచ్చు, కాకపోతే బండి ఆ స్టేషన్ నుంచి కదిలే లోపే టీడీఆర్ (డబ్బులు వెనక్కి ఇమ్మని ఆన్‌లైన్‌లో పెట్టే దరఖాస్తు) వేయాలి. ఇది చాలామందికి తెలీదు, బండి వెళ్లిపోయాక వేసి డబ్బులు రాలేదని తిట్టుకుంటారు.

సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు సాయంత్రం హౌరాలో దిగి అదే రాత్రి నేతాజీ పట్టుకోవచ్చని కాగితం మీద లెక్కేసుకుంటారు. వద్దు. ఒక రాత్రి కోల్‌కతాలో ఉండండి. హౌరా నుంచి హుగ్లీ కింద సొరంగంలో మెట్రో 2024 నుంచి నడుస్తోంది, ఎస్‌ప్లనేడ్‌కి నిమిషాల్లో వెళ్లొచ్చు. ఉండడం కుదరకపోతే కనీసం రెండు పీఎన్‌ఆర్‌లనీ లింక్ చేసుకోండి, మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే రెండో టికెట్ డబ్బు కోత లేకుండా వస్తుంది.

దారిలో నిద్ర మానుకుని చూడాల్సినవి రెండే. మొదటిది డెహ్రీ ఆన్ సోన్ దగ్గర సోన్ నది మీద వంతెన. 1900లో కట్టారు, మూడు కిలోమీటర్లకి పైనే పొడవు, బండి ఎంతసేపు వెళ్లినా అవతలి గట్టు రాదు. టైముకి నడిస్తే చలికాలంలో ఇది చీకట్లోనే దాటిపోతుంది. లేటైతే చక్కగా ఎండలో చూడొచ్చు, లేటు వల్ల నాకు తెలిసిన లాభం ఇదొక్కటే. రెండోది ప్రయాగ్‌రాజ్‌కి కాస్త ముందు యమున మీద నైనీ వంతెన, 1865 నాటిది, పైన రైళ్లు, కింద రోడ్డు మీద వాహనాలు. ఈ రెండింటి మధ్య వచ్చే దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ పాత మొఘల్‌సరాయే, 2018లో పేరు మారింది. కాశీ వెళ్లే మనవాళ్లు చాలామంది దిగేది ఇక్కడే, ప్లాట్‌ఫామ్ మీద ఎక్కడో ఒకచోట తెలుగు వినిపిస్తుంది.

తిండి. మొదటి రాత్రికి పులిహోర తీసుకెళ్లండి, చింతపండుది పాడవదు. రెండో రోజు బిహార్‌లో లిట్టీ చోఖా (సత్తు పిండి కూరిన ఉండలు, వంకాయ పచ్చడి), యూపీలో పూరీ, ఆలూ కూర దొరుకుతాయి. వేడివేడిగా కళ్ల ముందు వేయిస్తుంటేనే కొనండి. మట్టి పిడతలో టీ ఎవరైనా అమ్ముతుంటే వదలొద్దు. పెరుగన్నం మీద ఆశ పెట్టుకోవద్దు. పీఎన్‌ఆర్ కొట్టి సీటు దగ్గరికే భోజనం తెప్పించుకునే ఈ-కేటరింగ్ ఉంది కానీ, బండి లేటుగా నడుస్తుంటే మధ్యాహ్న భోజనం కాన్పూర్‌కి ఆర్డర్ చేసి ప్రయాగ్‌రాజ్ అవతలే ఆకలితో కూర్చోవాల్సి వస్తుంది. బండి ఎక్కడుందో చూసుకుని, రెండు గంటల దూరంలో ఉన్న స్టేషన్‌కి మాత్రమే పెట్టండి. రైల్ నీర్ లీటరు 14 రూపాయలు, ఇరవై అడిగితే ఇవ్వొద్దు. చైను, తాళం తప్పకుండా పెట్టుకోండి, బ్యాగు బెర్త్ కింద కొక్కేనికి కట్టేసి హాయిగా పడుకోవచ్చు.

ఢిల్లీలో దిగేవాళ్లకి, ఎక్కేవాళ్లకి ఒక హెచ్చరిక. ఈ బండి ఆగేది పాత ఢిల్లీ స్టేషన్‌లో, కోడ్ డీఎల్‌ఐ. న్యూఢిల్లీ వేరు, నిజాముద్దీన్ వేరు, ఆనంద్ విహార్ వేరు. నేనొకసారి తిరుగు ప్రయాణంలో టికెట్ సరిగ్గా చూడకుండా న్యూఢిల్లీలో అరగంట నిలబడి, బోర్డు మీద నా బండి ఎందుకు రావట్లేదా అని కూలీని అడిగితే ఆయన నా టికెట్ చూసి నవ్వాడు. మెట్రో ఎక్కి చాందినీ చౌక్‌లో దిగి పరిగెత్తాను, బండి గంటన్నర లేటు కాబట్టి దొరికింది. చాందినీ చౌక్ మెట్రో నుంచి పాత ఢిల్లీ స్టేషన్ నడిచేంత దూరమే.

కాల్కా చేరాక సిమ్లాకి బొమ్మరైలు. 1903 నాటి నారోగేజ్ లైను, 96 కిలోమీటర్లు, 102 సొరంగాలు, 2008 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. దీనికి టికెట్ వేరుగా తీయాలి. అందరూ చేసే పొరపాటు, తెల్లవారుజామున మొదట కదిలే బండికే బుక్ చేయడం. నేతాజీ రెండు గంటలు లేటైతే అది పోయినట్టే. మధ్యాహ్నం వైపు బండికి తీసుకుని, ముందుగా చేరితే వెయిటింగ్ రూమ్‌లో ఒక కునుకు తీయండి. అదీ తప్పిపోతే కాల్కా నుంచి సిమ్లాకి బస్సులున్నాయి, కాకపోతే ఘాట్ రోడ్డు, కడుపులో తిప్పే అలవాటుంటే ఏమీ తినకుండా ఎక్కండి.