సెయిల్‌బోట్ డీజిల్ ట్యాంకులో మనకు నిజంగా దక్కే లీటర్లు ఎన్ని?

పడవ కాగితాల్లో డీజిల్ ట్యాంకు 120 లీటర్లని రాసి ఉంటే, ఆ 120 లీటర్లూ ఇంజనుకు అందుతాయని అనుకోవడం సహజం. నిజానికి ఆ అంకె ట్యాంకు లోపల ఎంత చోటుందో చెబుతుందే తప్ప, అందులోంచి ఇంజను ఎంత పీల్చుకోగలదో చెప్పదు. చెన్నై రేవు దాటి వెళ్లాక గాలి పడిపోతే ఎన్ని గంటలు ఇంజను మీద నడవగలమన్నది ఈ రెండో అంకె మీదే ఆధారపడుతుంది. దాన్ని ఎవరూ మనకు రాసివ్వరు; మన పడవ మీద మన చేతులతో కొలుచుకోవలసిందే.

నేను ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక డిసెంబరు సాయంత్రం, రేవు ముఖద్వారానికి కాస్త దూరంలో, డీజిల్ మట్టం చూపే గేజి ఇంకా పావు ట్యాంకు చూపిస్తుండగానే ఇంజను ఆగిపోయింది. తెరచాప ఎత్తి ఉండడంతో పడవ ఒక పక్కకు ఒరిగి ఉంది. మిగిలిన డీజిల్ అంతా ఆ పక్కకు చేరి, రెండో పక్కనున్న, ఇంజనుకు డీజిల్ లాగే పికప్ పైపు గాలిని పీల్చింది. డీజిల్ ఇంజనులోకి ఒకసారి గాలి చేరితే, పడవ నిలువుగా నిలబడినంత మాత్రాన చాలావరకు అది మళ్లీ తిరగదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి. ఓడలు వచ్చిపోయే దారిలో, చీకటి పడుతున్న వేళ, ఆ పని చేయవలసిన అవసరం ఎవరికీ రాకూడదన్నదే ఇది రాయడానికి కారణం.

ముందుగా లీటర్లు ఎక్కడ పోతాయో చూద్దాం. లెక్క సులువుగా ఉండడానికి, పడవ పొడవు వెంట 100 సెంటీమీటర్లు, అడ్డంగా 40, లోతు 30 ఉన్న పెట్టెలాంటి ట్యాంకును తీసుకుందాం. ఇందులో ప్రతి సెంటీమీటరు లోతుకు 4 లీటర్లు పడతాయి. పికప్ పైపును కావాలనే అడుగుకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఆపుతారు, ఎందుకంటే డీజిల్ కన్నా బరువైన నీరు అడుగుకు దిగుతుంది, మడ్డి కూడా అక్కడే పేరుకుంటుంది. ఆ ఎత్తు 3 సెంటీమీటర్లయితే 12 లీటర్లు మనవి కావు. పైభాగంలో కూడా కొంత వదలాలి. బంకులో భూమి లోపలి నుంచి చల్లగా వచ్చిన డీజిల్ మధ్యాహ్నపు ఎండకు వ్యాకోచిస్తుంది. 100 లీటర్లకు 10 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.8 లీటరు పెరుగుతుంది. అంచుదాకా నింపితే అది గాలి గొట్టం గుండా సముద్రంలోకి పోతుంది. పైన 6 లీటర్ల చోటు వదిలితే, పడవ జెట్టీ దగ్గర కదలకుండా ఉన్నప్పుడు దక్కేది 102 లీటర్లు.

అసలు నష్టం ఒరిగినప్పుడు వస్తుంది. పికప్ పైపు ట్యాంకుకు ఒక పక్క అంచున ఉండి, పడవ రెండో పక్కకు 15 డిగ్రీలు ఒరిగితే, పైపు దగ్గర డీజిల్ మట్టం 5 సెంటీమీటర్లకు పైగా పడిపోతుంది. అప్పుడు అందని డీజిల్ 12 నుంచి 33 లీటర్లకు చేరుతుంది. పైపు నడుమ ఉంటే ఒరుగు వల్ల ఇంత నష్టం ఉండదు. పొడవాటి ట్యాంకుకు వెనుక చివర పైపు ఉంటే మాత్రం ముందు వెనుకల ఊపును కూడా లెక్కించాలి: పడవ ముక్కు కేవలం 5 డిగ్రీలు కిందికి వంగినా ఆ చివర మట్టం 4 సెంటీమీటర్లకు పైగా తగ్గుతుంది. ట్యాంకు లోపలి అడ్డుపలకలు డీజిల్ పరుగును నెమ్మదింపజేస్తాయి గానీ, గంటల తరబడి ఒకే పక్కకు ఒరిగి వెళ్లే సెయిల్‌బోట్‌లో అవి మట్టాన్ని ఆపలేవు. అందుకే ఇదే ట్యాంకు నుంచి సముద్రంలో నమ్మదగినవి 80 లీటర్లే.

ఇప్పుడు కొలత. అలలు లేని రోజున, గాలి బాగా ఆడేలా తలుపులన్నీ తెరిచి, దగ్గరలో నిప్పు లేకుండా చూసుకుని, కారిన చుక్క కూడా నీటిలో పడకుండా గుడ్డలు సిద్ధం చేసుకుని మొదలుపెట్టాలి. నీటిని వేరుచేసే ఫిల్టరు దగ్గర గొట్టం విప్పి, చేతి పంపుతో డీజిల్‌ను క్యాన్లలోకి లాగాలి. పంపు గాలిని పీల్చడం మొదలుపెట్టగానే ఆపి, ట్యాంకు పైమూత తెరిచి, అడుగున మిగిలినదాన్ని వేరే పాత్రలోకి తోడి కొలవాలి. ఆ కొలతే ఇంజనుకు అందని భాగం. అందులో నీరు, నల్లటి జిగురు కనిపిస్తే ఆ రోజే ట్యాంకు శుభ్రం చేయడం మంచిది, ఎందుకంటే నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులే ఆ జిగురుకు మూలం. ఈశాన్య రుతుపవనాల వర్షం డెక్ మీద డీజిల్ పోసే చోటి మూత రబ్బరు పాడైతే నేరుగా లోపలికి దిగుతుంది.

తరువాత ఖాళీ ట్యాంకులో కొలిచిన డీజిల్‌ను పది పది లీటర్లుగా పోయాలి. క్యాన్ మీది గీతలను నమ్మకండి. బంకు మీటరు మీద కచ్చితంగా 10 లీటర్లు పట్టించుకోవచ్చు, అనుమానం ఉంటే బంకులో ఉండే 5 లీటర్ల కొలపాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు మనకుంది. ప్రతి పది లీటర్లకూ చెక్క డిప్ రాడ్ దించి, తడి ఎంతవరకు వచ్చిందో అక్కడ గీత చెక్కి, అప్పుడు గేజి ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసుకోవాలి. పడవ అడుగు ఆకారాన్ని అనుసరించి కిందికి సన్నబడే ట్యాంకుల్లో ఈ గీతలు సమదూరంలో రావు, గేజిలో ‘సగం’ అన్నది సగానికి చాలా తక్కువ కావచ్చు. ఇంకో సంగతి: ట్యాంకులోని మట్టాన్ని విద్యుత్ నిరోధంగా మార్చి గేజికి పంపే సెన్సర్లు కొన్ని 240 నుంచి 33 ఓముల పద్ధతిలో, కొన్ని 10 నుంచి 180 ఓముల పద్ధతిలో పనిచేస్తాయి, సెన్సరును వేరే పద్ధతిదానితో మార్చి గేజిని అలాగే ఉంచితే ముల్లు చెప్పేదంతా తప్పవుతుంది.

చెన్నైలోని కాశిమేడు చేపల రేవులో మరపడవ నడిపే ఒక తెలుగు సరంగు తన ట్యాంకుకు గేజి ఉన్నా రోజూ పొద్దున్నే కర్ర దించి చూస్తారు. కర్ర చివర బంకుల్లో వాడే నీటిని పసిగట్టే పేస్టు రాస్తారు. నీరు తగిలితే దాని రంగు మారుతుంది. నేనూ ఆ అలవాటు చేసుకున్నాను.

గంటకు ఖర్చు తెలియడానికి, డిప్ రాడ్ మీద ఒక గీత వరకు నింపి, ఇంజను తిరిగిన గంటలు చూపే అవర్ మీటరు చూసుకుని, ఒకే ఆర్‌పీఎం మీద ఆరేడు గంటలు నడిపి, మళ్లీ అదే గీత వరకు నింపితే చాలు. పది హార్స్‌పవర్ వాడుతున్న ఇంజను గంటకు దాదాపు 2 లీటర్లు తాగుతుంది. మన 80 లీటర్లలో 20 ఆపదకు పక్కనపెడితే మిగిలిన 60 లీటర్లు 30 గంటలకు వస్తాయి. 5 నాట్ల (గంటకు 5 నాటికల్ మైళ్ల) వేగంతో 150 నాటికల్ మైళ్లు. తీరం వెంట ప్రవాహం సుమారు ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి సాగుతుంది కాబట్టి, నవంబరులో ఉత్తరానికి వెళ్తూ ఒక నాట్ ఎదురైనా ఆ దూరం 120కి పడిపోతుంది. చెన్నై నుంచి కృష్ణపట్నం దాదాపు 70 నాటికల్ మైళ్లు కాబట్టి ఇంజను మీదే చేరవచ్చు. అయితే శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో మూసే సముద్ర ప్రాంతాన్ని చుట్టి వెళ్లడానికి పట్టే డీజిల్‌ను కూడా కలుపుకోవాలి. సుమారు 325 నాటికల్ మైళ్ల దూరంలోని విశాఖపట్నానికి మాత్రం ఈ ట్యాంకు తెరచాప సాయం లేకుండా చాలదు.

అదనంగా క్యాన్లు తీసుకెళ్తే, వాటిని ట్యాంకు అడుగంటే దాకా దాచకండి. సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడే, ట్యాంకు సగానికి దిగగానే, ఫిల్టరున్న గరాటు పెట్టి పోసేయండి. అలలు డెక్ మీదికి వస్తున్నప్పుడు మూత తెరిస్తే డీజిల్‌తో పాటు ఉప్పునీరు కూడా లోపలికి వెళ్తుంది.