పోకర్ నేర్చుకుందాం – 5వ పాఠం: పెద్ద ముక్కలు పడితే ఎంత పెట్టాలి?

గత పాఠంలో ఏ సీటులో కూర్చుంటే ఏం లాభమో చూశాం. ఈసారి అందరికీ ఇష్టమైన సంగతి. ముక్కలు ఎత్తి చూస్తే రెండు రాజులు. ఎంత పెట్టాలి?

ముందు పెద్ద ముక్కలంటే ఏవో తేల్చుకుందాం. రెండు ఆసులు, రెండు రాజులు, రెండు రాణులు, రెండు జాకీలు, వాటి వెనక ఆసు-రాజు. ఈ పాఠానికి ఇంతే. 52 ముక్కల్లోంచి చేతికి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. అందులో రెండు ఆసులు వచ్చేవి ఆరే, అంటే సగటున 221 ఆటలకు ఒకసారి. రాజులకు, రాణులకు, జాకీలకు కూడా అదే లెక్క. ఆసు-రాజు మాత్రం 16 రకాలుగా వస్తుంది. అన్నీ కలిపితే 40, అంటే దాదాపు 33 ఆటలకు ఒకసారి. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి మిద్దె మీద చాప పరిచి, దీపాలు పెట్టేదాకా వంద ఆటలు ఆడినా మూడుసార్లు పడితే గొప్ప. ఆ మూడు ఆటల్లో సరిగ్గా పెట్టకపోతే, మిగతా ఆటల్లో బ్లైండ్లకు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే చిన్న, పెద్ద పందేలకు) పోయినవి ఎక్కడి నుంచీ తిరిగి రావు.

పెట్టేది చింతగింజలే అని మళ్లీ గుర్తు చేస్తున్నా. తిరుపతిలో మేం నేర్పేదీ ఆడేదీ గింజలతోనే, మనిషికి 200. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఈ ఆటలోని లెక్క అందంగా ఉంటుంది. అది నేర్చుకోవడానికి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.

మన వైపు పోకర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది రమ్మీ ఆడి వచ్చినవాళ్లు. రమ్మీలో మంచి ముక్కలు పడితే గమ్మున కూర్చోవడం అలవాటు. ఆ అలవాటుతోనే ఇక్కడ రెండు ఆసులు పట్టుకుని, పెద్ద బ్లైండుకు సరిపడా రెండు గింజలు వేసి ఊరుకుంటారు. కానీ రమ్మీలో పాయింటు విలువ ఆటకు ముందే ఖాయమైపోతుంది. పోకర్‌లో పందెం ఎంతన్నది ఆట నడుస్తుండగా మీరే తేల్చాలి. ముఖం దాచుకోండి, మంచిదే. గింజలు మాత్రం దాచుకోవద్దు.

రెండు ఆసులతో ఒక్కరి మీద, వాళ్ల చేతిలో ఏ ముక్కలున్నా సరే, నూటికి 85 సార్లు గెలుస్తాం. ఎదురుగా ఇద్దరుంటే 73. నలుగురుంటే 56. తొమ్మిదిమంది చివరిదాకా ఉంటే 31కి పడిపోతుంది. ఎక్కువమంది ఉంటే పాట్ (మధ్యలో పోగయ్యే పందెం) కూడా పెద్దదవుతుంది కదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అవుతుంది. అయితే రెండేసి గింజలకు అయిదుగురు లోపలికొచ్చాక ఫ్లాప్‌లో (అందరికీ కలిపి మధ్యలో తిప్పే మొదటి మూడు ముక్కల్లో) ఎవరికి ఏం తగిలిందో ఆచూకీ ఉండదు. ఏడు-నాలుగుతో వచ్చినవాడికి రెండు జతలు పడి ఉండొచ్చు. ఒకరో ఇద్దరో మిగిలి, వాళ్లు కూడా బాగానే పెట్టి వచ్చారంటే వాళ్ల చేతిలో ఏముందో ఊహించడం తేలిక. రైజ్ చేసేటప్పుడు, అంటే పందెం పెంచేటప్పుడు, మన మనసులో ఉండాల్సింది ఒకటే: మనకంటే తక్కువ ముక్కలున్నవాళ్ల చేత ఎక్కువ గింజలు పెట్టించాలి.

అందుకే ఆసులు చూడగానే ఉన్న 200 గింజలూ ముందుకు తోసేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. అందరూ ఫోల్డ్ చేస్తారు (ముక్కలు వదిలేస్తారు), చేతికి దక్కేది బ్లైండ్ల మూడు గింజలు. బస్టాండు దగ్గర తిరుచానూరుకు ఆటో అడిగినప్పుడు జరిగేదే ఇది. మరీ ఎక్కువ చెబితే సవారీ పక్క ఆటో ఎక్కుతుంది, మరీ తక్కువ చెబితే ఆటో అన్నకే నష్టం.

కొలత ఇదీ. బ్లైండ్లు ఒకటి, రెండు అనుకుంటే రైజ్ ఆరు గింజలు, అంటే పెద్ద బ్లైండుకు మూడింతలు. మీకంటే ముందు ఎవరైనా ఊరికే రెండు వేసి లోపలికొచ్చి ఉంటే, ఒక్కొక్కరికీ మరో రెండు కలపండి. మీకంటే ముందే ఎవరైనా ఆరుకు రైజ్ చేసి ఉంటే మీరు 18 పెట్టండి. ఫ్లాప్ తర్వాత అతనికంటే ముందు మాట్లాడాల్సిన సీటులో మీరుంటే 24. ఆసులైనా, జాకీలైనా, ఆసు-రాజైనా కొలత మార్చొద్దు. ఆసులకు పది, జాకీలకు ఆరు అని పెట్టుకుంటూ పోతే మూడో ఆదివారానికల్లా మీ చెయ్యి అందరికీ తెలిసిపోతుంది.

ఇక ఒక ఆట చూద్దాం. ఆరుగురు కూర్చున్నారు. మీ చేతిలో ఇస్పేటు రాజు, ఆటీను రాజు. మీకంటే ముందు సీటులో మామ రెండు గింజలు వేశాడు. మీరు ఎనిమిది పెట్టారు.

"ఏం అల్లుడూ, ఒకేసారి ఎనిమిదా?"

"చూద్దాం రా మామా."

మిగతా అందరూ ఫోల్డ్, మామ ఒక్కడే కాల్ (మీరు పెట్టినంత తనూ వేశాడు). బ్లైండ్లతో కలిపి పాట్‌లో 19 గింజలు. ఫ్లాప్: డైమండ్ తొమ్మిది, డైమండ్ ఆరు, కళావరు మూడు. మామ చెక్ అన్నాడు, అంటే ఏమీ పెట్టకుండా వంతు మీకిచ్చాడు.

ఇక్కడే చాలామంది, "రాజులున్నాయిగా, మామ పారిపోతాడేమో" అని నాలుగు గింజలతో సరిపెడతారు. మామ చేతిలో రెండు డైమండ్లు ఉన్నాయనుకోండి. అతనికి కనిపించని ముక్కలు 47, వాటిలో అతనికి పనికొచ్చే డైమండ్లు తొమ్మిది. తర్వాతి ముక్కకే ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు అయిదు) పడే అవకాశం నూటికి 19. మీరు నాలుగు పెడితే, అతను 23 గింజల కోసం నాలుగు వేస్తాడు. నూటికి 15 సార్లు తగిలితే చాలు, అతనికి గిట్టుబాటే. అదే మీరు 12 పెడితే 31 గింజల కోసం 12 వేయాలి, నూటికి 28 సార్లు తగలాలి. అంత అవకాశం అతనికి లేదు. అయినా కాల్ చేశాడంటే ఆ తేడా మీ లాభం. అందుకే ఇలాంటి ఫ్లాప్‌లో పాట్‌కు మూడింట రెండు వంతుల దగ్గర పెట్టాలి.

మీరు 12 పెట్టారు, మామ కాల్. పాట్ 43. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, ఇస్పేటు రెండు పడింది. దానితో ఎవరికీ పెద్దగా ఒరిగిందేం లేదు. మామ మళ్లీ చెక్, మీరు 28, మామ కాల్. పాట్ 99. రివర్‌లో, అంటే చివరిదైన అయిదో ముక్కగా, కళావరు జాకీ. మామ చెక్, మీరు 50. మామ చాలాసేపు మీ ముఖం చూసి 50 లెక్కపెట్టి వేశాడు, ముక్కలు తిప్పాడు: ఆసు-తొమ్మిది, అంటే తొమ్మిదుల జత. మీ రాజులదే గెలుపు. పాట్‌లో 199 గింజలు, అందులో 98 మామవే. మొదట్లో మీరూ రెండు గింజలతోనే సరిపెట్టుకుని ఉంటే పాట్ ఏడెనిమిది దగ్గర మొదలయ్యేది. ఆ తర్వాత ఇదే నిష్పత్తిలో పెట్టుకుంటూ పోయినా చివరికి 80 దగ్గరకు చేరేది. మొదటి రైజ్‌లో పెంచిన ఆరు గింజలు ఇంత పని చేశాయి.

రాజులు పట్టుకుని "ఎవరి దగ్గరైనా ఆసులున్నాయేమో" అన్న టెన్షన్ వద్దు. ఎదురుగా అయిదుగురున్నా, వాళ్లలో ఎవరో ఒకరికి రెండు ఆసులు పడటం దాదాపు 40 ఆటలకు ఒకసారే.

అయితే ఒక్క జతతో ఎంతదూరమైనా వెళ్లొచ్చని కాదు. పొద్దుట్నుంచీ చెక్, కాల్ తప్ప ఏమీ చేయని మనిషి టర్న్‌లో మీ 28ని ఒక్కసారిగా 90 చేశాడంటే, మామూలుగా రెండు జతలో, మూడు తొమ్మిదులో ఉన్నట్టే. చేతిలో జత ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడోది తగలడం సుమారు ఎనిమిదిన్నర సార్లకు ఒకసారి. తక్కువే, కానీ ఆ ఒక్కసారి అతనెలా పెడతాడో గమనించి ఉంటే మీ రాజులను పక్కన పెట్టగలరు. ప్రతి చేతికీ రైజ్ చేసే కుర్రాడి విషయంలో నేనైతే అంత తొందరపడి వదలను.

ఈ వారం సాధన. కట్టలోంచి రెండు రాజులు తీసి ముందు పెట్టుకోండి. మిగతా 50 కలిపి, మూడు ముక్కలు తిప్పండి. ఆసు పడిందా లేదా రాసుకోండి. వందసార్లు చేస్తే సుమారు 22, 23 సార్లు పడాలి. రాణులతో చేస్తే ఆసో రాజో పడేది 41 దగ్గర, జాకీలతో చేస్తే పై ముక్క ఏదో ఒకటి పడేది 57 దగ్గర ఉంటుంది. జాకీలు ఎందుకు కష్టమో చేత్తో చేస్తేనే తెలుస్తుంది.

రెండోది: పైన చెప్పిన ఆటే, పాట్ 43 దాకా అంతా అదే. టర్న్‌లో మాత్రం ఇస్పేటు రెండుకు బదులు డైమండ్ రాణి పడింది. అంతవరకు చెక్ అంటూ వచ్చిన మామ ఈసారి తనే ముందుగా 30 గింజలు పెట్టాడు. కాల్, రైజ్, ఫోల్డ్: ఏది చేస్తారు? మామ చేతిలో ఏయే ముక్కలు ఉండొచ్చో ఒక కాగితం మీద రాసి, వాటిలో మీరు గెలిచేవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ లెక్క ఆరో పాఠంలో మొదట చూసుకుని, తర్వాత ఆసు-రాజు సంగతికి వెళ్దాం.