ఎండలో స్కూబా ట్యాంక్: ప్రెషర్ పెరిగితే ఏం చేయాలి, ఎప్పుడు భయపడాలి

మే నెలలో, రుషికొండ బీచ్ దగ్గర అద్దాలు మూసి ఆపిన కారులో నిండు స్కూబా ట్యాంక్ (నీటి అడుగున ఈదేవాళ్లు ఊపిరి కోసం మోసుకెళ్లే గాలి సిలిండర్) ఉందంటే ఎవరికైనా టెన్షనే. ముందు ఏం కనిపిస్తోందో చూడండి.

రాత్రి 3000 పీఎస్ఐ, మధ్యాహ్నం 3300

పీఎస్ఐ అంటే ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని. కొత్తగా గాలేమీ చేరలేదు, ఉన్న గాలే వేడెక్కింది. 28 డిగ్రీల దగ్గర 3000 ఉన్నది 60 డిగ్రీలకు 3300 దాటుతుంది. అమెరికా ప్రమాణాల 3000 పీఎస్ఐ అల్యూమినియం ట్యాంకును హైడ్రో టెస్టులో (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూసే పరీక్ష) 5000 దాకా పరీక్షిస్తారు, కాబట్టి లోపం లేని ట్యాంక్ ఈ ఎండకు పగలదు. నీడకు మార్చి, చల్లారాక గేజ్ చూడండి. గాలి వదిలేయనక్కర్లేదు. కానీ ముందే 3300 నింపించుకునే అలవాటు మానండి.

వాల్వ్ పక్కనుంచి పెద్ద శబ్దంతో గాలి తన్నుకొస్తోంది

బర్స్ట్ డిస్క్ చిరిగింది. ట్యాంక్ పగలకుండా ముందుగా తాను చిరిగే పల్చని లోహపు రేకు అది. పై లెక్క చూస్తే ఒట్టి ఎండకు అది చిరగకూడదు. ఏళ్ల తరబడి నింపడంతో, ఉప్పుగాలితో బలహీనపడి ఉంటుంది, లేదా ట్యాంక్ మితిమీరి నింపి ఉంటారు. దూరం జరగండి, చేత్తో మూయబోకండి. ఖాళీ అయ్యాక ఆ ట్యాంకుకు సరిపడే రేటింగ్ ఉన్న కొత్త డిస్క్ వేయించండి. రెండు డిస్కులు కలిపి వేస్తామంటే ఒప్పుకోవద్దు. అప్పుడు డిస్క్ చిరగదు, ట్యాంకే పగులుతుంది. యూరప్ వాల్వుల్లో చాలావాటికి ఈ డిస్కే ఉండదు, మీ దానికి ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

నింపినప్పుడు 3000, సాయంత్రానికి 2700

వేగంగా నింపితే ట్యాంక్ వేడెక్కుతుంది, చల్లారితే ప్రెషర్ తగ్గుతుంది. వాల్వ్ చుట్టూ సబ్బునీళ్లు రాయండి. బుడగలు రాకపోతే లీకు లేనట్టే. ఈసారి నెమ్మదిగా నింపమనండి.

మంటలకు గురైంది, లేదా పెయింట్ వేసి ఓవెన్‌లో ఆరబెట్టారు

ఇక్కడ మాత్రం నిజంగా భయపడాలి. 177 డిగ్రీలు దాటితే అల్యూమినియం బలం కోల్పోతుంది, పైకి మాత్రం ఏ తేడా కనిపించదు. ఆ ట్యాంకును మళ్లీ నింపించకండి, పక్కన పడేయండి. సగం ఖాళీగా ఉంది కదా, మంట అంటుకున్నా ఏమీ కాదనుకోవడం పెద్ద పొరపాటు. ప్రెషర్ డిస్క్ చిరిగేంత పెరగకముందే లోహం మెత్తబడి పగలవచ్చు.

పాత అల్యూమినియం ట్యాంక్, మెడ దగ్గర సన్నని గీత

1988కి ముందు తయారైనదైతే 6351 అనే అల్యూమినియం మిశ్రమంతో చేసినది అయ్యే అవకాశం ఉంది. దాని మెడలో ఏళ్ల ఒత్తిడికి పగుళ్లు వస్తాయని తెలిసిందే. నింపే ముందే ఎడ్డీ కరెంట్ పరీక్ష (లోహంలోని పగుళ్లను విద్యుత్తుతో పట్టే పరీక్ష) చేయించండి. పగులు తేలితే ఇక నింపకూడదు.