గ్రావెల్ తవ్విన నేలలో గడ్డి వేసేముందు జాగ్రత్తలు

చేబ్రోలు వైపు ఎర్ర గ్రావెల్ తవ్వేసిన నేలని మళ్ళీ మేత బీడు చేద్దాం అనుకునేవాళ్ళు విత్తనం కొనేముందు ఇవి చూస్కోండి.

– ముందు గట్లు. నిలువుగా ఉన్న అంచు మీద ఏం వేసినా మొదటి గట్టి వానకే కిందకొచ్చేస్తుంది, కాబట్టి ఒక అడుగు ఎత్తుకి మూడడుగులు వాలు వచ్చేలా జేసీబీతో లాగించండి. అంచు కింద మాత్రం ఎవరూ నిలబడొద్దు. తేనెటీగల్ని తినే పచ్చ పిట్టలు బొరియలు పెట్టిన గట్టు ఉంటే దాన్ని వదిలేయండి, చుట్టూ కంచె వేస్తే చాలు.

– పైమట్టి ఎక్కడన్నా కుప్ప పోసుంటే అదే బంగారం, అమ్ముకోకండి బాబూ! కింద నేల లారీలు తిరిగి రాయిలా అయిపోయుంటుంది, అది దున్నించకుండా పైన మట్టి పరిస్తే దండగే.

– నీళ్ళున్న గుంటకి ఫెన్సింగ్, బోర్డు. పిల్లలు ఈతకి దిగుతారు, లోతు తెలీదు.

– స్టైలో (పశువుల మేత మొక్క) విత్తనం పైతోలు గట్టి, అలాగే చల్లితే చాలావరకు మొలవదు. నీళ్ళు కాచి, పొయ్యి మీంచి దించి, బాగా వేడిగా ఉండగానే గుడ్డమూట నాలుగైదు నిమిషాలు ముంచి తీసి, ఆరబెట్టి చల్లాలి. పొయ్యి మీదే ఉడికించేరు, పప్పు కాదది 😄

– జూన్ వానలు పడ్డాకే చల్లండి, అంతకుముందు ఎండల్లో తొందరొద్దు.

– సర్కారు తుమ్మ మొలకలు చిన్నప్పుడే వేర్లతో పీకేయాలి. వేప, కానుగ పెట్టుకోండి.

– మొదటి ఏడాది గేదెల్ని, మేకల్ని లోపలికి రానివ్వొద్దు, కాపరులతో ముందే మాట్లాడుకోండి, లేకపోతే రోజూ గొడవే.

– బూట్లు వేస్కోండి, రాళ్ళ సందుల్లో పాములుంటాయి.