బక్కచిక్కిన కుక్కకు తిండి – 3వ పాఠం: మొదటి నాలుగు రోజుల గిన్నె

గవ్వను చెన్నై వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లి, రక్తపరీక్ష చేయించి ఇంటికి తెచ్చిన దగ్గర కిందటి పాఠం ఆపాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం రెండు మాటలు. గవ్వ పెరంబూరులో తాళం వేసిన ఒక ఇంటి మేడ మీద గొలుసుతో కట్టేసి ఉండగా దొరికిన ఆడకుక్క. దాని ఎత్తుకు 14 కిలోలైనా ఉండాలి. తూకంలో 9 వచ్చింది. వీధి అవతల నిలబడి చూసినా పక్కటెముకలు, నడుం దగ్గర వెన్నుపూసలు, తుంటి ఎముకలు లెక్కపెట్టొచ్చు. ఈ పాఠం అలాంటి కుక్క కోసం. ఒకటి రెండు పూటలు తిండి దొరకని వీధికుక్కకు ఇంత లెక్క అక్కర్లేదు, మామూలుగా పెట్టేయండి.

ఈరోజు నేర్చుకోవాల్సిన పని కొంచెం పెట్టడం. వినడానికి తేలికగా ఉంటుంది గానీ, చేయడం చాలా కష్టం.

గవ్వకు చాలా ఏళ్ల ముందు మా వీధి చివర పడి ఉన్న ఒక గోధుమరంగు కుక్కను ఇంటికి తెచ్చాను. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. పెద్ద గిన్నె నిండా పెరుగన్నం కలిపి పెట్టాను. ఆవురావురుమని తింటుంటే నా కడుపు నిండింది. సాయంత్రం మళ్లీ పెట్టాను, పాలు, గ్లూకోజ్ బిస్కెట్లు కూడా. మూడో రోజు దాని కాళ్లు తడబడ్డాయి, ఊపిరి వేగంగా తీసుకుంది. నాలుగో రోజు తెల్లారేసరికి లేదు. పస్తుల తర్వాత ఒక్కసారిగా పెట్టిన తిండే ప్రాణం మీదికి తెచ్చిందని డాక్టర్ చెప్పేదాకా నాకు తెలియదు. మీకు ముందే తెలియాలనే ఈ పాఠాలు రాస్తున్నాను.

అసలు జరిగేది ఇది. వారాల తరబడి తిండి లేకపోతే ఒళ్లు తన కొవ్వును, కండను కరిగించుకుని బతుకుతుంది. ఆ క్రమంలో కణాల్లోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటిపోతాయి. రక్తపరీక్షలో మాత్రం అంతా మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు గిన్నెడు అన్నం లోపలికి వెళ్లిందనుకోండి. అది చక్కెరగా మారుతుంది, ఇన్సులిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ ఇన్సులిన్ చక్కెరతో పాటు ఈ ఖనిజాలను కూడా రక్తంలోంచి కణాల్లోకి లాగేస్తుంది. రక్తంలో అవి పడిపోతే కండరాలు పట్టు తప్పుతాయి, ఎర్రకణాలు చితికిపోతాయి, గుండె లయ తప్పుతుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఎక్కువగా మొదటి నాలుగైదు రోజుల్లోనే వస్తుంది. చక్కెరను వాడుకోవడానికి బీ1 విటమిన్ కూడా కావాలి కాబట్టి, మొదటి ముద్దకు ముందే ఆ ఇంజెక్షన్ అవసరమా అని డాక్టర్‌ను అడగండి.

ఇక లెక్క. కదలకుండా పడుకున్న కుక్కకు రోజుకు ఎన్ని కేలరీలు కావాలో ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తోనే తెలుసుకోవచ్చు. కుక్కను ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కండి, తర్వాత మీరొక్కరే ఎక్కండి, తీసివేయండి. వచ్చిన కిలోలను మూడుసార్లు వేసి గుణించండి. దానికి రెండుసార్లు వర్గమూలం నొక్కండి. 70తో గుణించండి. గవ్వకు 9×9×9 అంటే 729. మొదటి వర్గమూలం 27, రెండోది 5.2కి దగ్గర. 70తో గుణిస్తే సుమారు 364 కేలరీలు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు: కుక్క ఉండాల్సిన బరువు వేసేస్తారు. ఈ నాలుగు రోజులూ ఇప్పుడున్న బరువే వేయాలి.

ఆ 364లో మొదటి రోజు పావు వంతు, రెండో రోజు సగం, మూడో రోజు ముప్పావు, నాలుగో రోజు మొత్తం. కుక్క మరీ నీరసంగా ఉంటే డాక్టర్ ఇంకా నెమ్మదిగా వెళ్లమంటారు. అప్పుడు ఆ మాటే వినండి.

మొదటి రోజు పావు వంతు అంటే 91 కేలరీలు. తోలు తీసి, ఉప్పూ నూనే లేకుండా ఉడికించిన చికెన్ 40 గ్రాములు, మెత్తగా ఉడికిన అన్నం 20 గ్రాములు. రోజు మొత్తానికి అంతే! దాన్ని ఐదు పూటలు చేస్తే ఒక్కో పూటకు 12 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచాడు. స్టీలు గిన్నె అడుగున అది ఎంత ఉంటుందంటే, గవ్వ రెండుసార్లు నాలుక ఆడించేసరికి అయిపోయింది. తర్వాత ఖాళీ గిన్నెను నాకుతూ, ముక్కుతో నెట్టుకుంటూ, గచ్చు మీద గరగరలాడించుకుంటూ గోడ దాకా తీసుకెళ్లింది. గోడకు ఆనాక తలెత్తి నావైపు చూసింది. ఆ చూపుకు కరగకుండా నిలబడటమే ఈ పాఠంలో అసలు పరీక్ష.

మా అత్తయ్య తట్టుకోలేకపోయారు. "చెంచాడేంటి అమ్మాయ్! మూగజీవం ఉసురు పోసుకుంటామా? ఇంకాస్త పెట్టు" అన్నారు. "మూడు గంటల్లో మళ్లీ పెడతానండీ అత్తయ్యా, ఈసారి మీ చేత్తోనే పెడుదురుగాని" అన్నాను. అప్పటినుంచి గడియారం చూసే పని ఆవిడే తీసుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు ఇలా ఒక పని అప్పజెప్పండి. లేకపోతే మీరు ఆఫీసుకు వెళ్లగానే ప్రేమ కొద్దీ చాటుగా ఒక ఇడ్లీ పడుతుంది.

అన్నం కంటే చికెన్ ఎందుకు ఎక్కువ వేశామో పైన చెప్పిన కారణంలోనే ఉంది. పిండిపదార్థం తక్కువైతే ఇన్సులిన్ పోటు తగ్గుతుంది, మాంసంలో ఫాస్ఫరస్ కూడా ఉంటుంది. చికెన్ వండని ఇంట్లో ఉడికించిన గుడ్డు వాడుకోవచ్చు, ఒక గుడ్డు సుమారు 75 కేలరీలు. డాక్టర్ల దగ్గర దొరికే రికవరీ డబ్బా (కోలుకుంటున్న కుక్కల కోసం తయారుచేసిన డబ్బా తిండి) కొనగలిగితే అదే అన్నిటికంటే నయం, ఖనిజాలు లెక్కగా ఉంటాయి. చికెన్, అన్నం నెలల తరబడి పెట్టే తిండి కాదు, అందులో కాల్షియం చాలదు.

సాంబారు, రసం కలిపిన అన్నం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్రకణాలను దెబ్బతీస్తాయి, ఈ కుక్కకు అసలే రక్తం తక్కువ. పాలు, నెయ్యి, ఉడికిన ఎముకలు కూడా వద్దు. పురుగుల మందు ఎప్పుడు వేయాలో డాక్టర్ చెప్పాలి, మీ అంతట మీరు మొదటి రోజే వేసేయకండి.

తిండి గోరువెచ్చగా ఉంటే వాసన తగిలి నీరసంగా ఉన్న కుక్క కూడా మూతి పెడుతుంది. చెన్నై ఎండల్లో ఇరవై నిమిషాలకు మించి గిన్నె నేల మీద ఉంచకండి. మంచినీళ్లు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

ఈ నాలుగు రోజులూ పూటపూటకూ నడక, ఊపిరి, మూత్రం రంగు చూడండి. నడక తూలినా, పడుకుని ఉన్నప్పుడు కూడా ఆయాసపడినా, మూత్రం ఎర్రగా గానీ కాఫీ రంగులో గానీ వచ్చినా, ఒంట్లో వణుకు కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, అర్ధరాత్రైనా ఆసుపత్రికి వెళ్లండి. ఏదీ తినకపోయినా, తిన్నదంతా కక్కేస్తున్నా అంతే.

వచ్చే పాఠంలోపు ఇంటిపని: మీ కుక్క బరువు, దాని కేలరీలు, నాలుగు రోజుల భాగాలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. పెట్టిన ప్రతి పూటా పక్కన టైమ్, గ్రాములు రాయండి. మా కాగితంలో నాలుగో రోజు రాత్రి పూట ఎదురుగా అత్తయ్య చేతిరాత ఉంది: "రెండు మెతుకులు వదిలేసి వెళ్లి పడుకుంది." ఐదో రోజు లెక్క అక్కడినుంచే మొదలుపెడదాం.