పాత రేసింగ్ సైకిలుకు ట్యూబులర్ రిమ్ములు, టైర్లు వెతికేదెట్లా

పాత రేసింగ్ సైకిలు ఒకటి చేతికొచ్చి, దానికి ఆ కాలం నాటి ట్యూబులర్ చక్రాలే వేయాలని మనసు పడ్డవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ముందే చెప్పేస్తా, రిమ్ములు పాతవి కొనండి, టైర్లు మాత్రం కొత్తవే కొనండి. అల్యూమినియం రిమ్ము దెబ్బ తినకుండా ఉంటే నలభై ఏళ్ల తర్వాత కూడా నిక్షేపంగా పనిచేస్తుంది. నూలు, రబ్బరు అట్లా నిలవవు, అందులోనూ మన అనంతపురం ఎండల్లో.

ట్యూబులర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. టైరు లోపలే ట్యూబు పెట్టి అడుగున కుట్టేసి, ఆ కుట్టు మీద బట్ట పట్టీ అంటించి ఉంటుంది. మొత్తాన్ని రిమ్ము మీద జిగురుతో అతికించాలి. మామూలు రిమ్ములో టైరు అంచును పట్టుకునే గోడలు ఉంటాయి కదా, ఇందులో ఉండవు, పైభాగం కొద్దిగా గుంటగా వంపు తిరిగి ఉంటుంది, అంతే. కాబట్టి ఉన్న రిమ్ముకు టైరు మార్చి సరిపెట్టుకుందాం అంటే కుదరదు, రెండూ మారాల్సిందే.

సైజు దగ్గర మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. కేటలాగుల్లో ట్యూబులర్‌ను 28 అంగుళాలు అని రాస్తారు, మన అంగళ్లలో కూడా 28 టైరు దొరుకుతుంది, కానీ అది పెద్ద సైకిళ్లకు వేసే 28 ఇంటూ ఒకటిన్నర, టైరు కూర్చునే చోట దాని రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. దీనికీ దానికీ సంబంధమే లేదు. ట్యూబులర్ 28 అంటే ఇప్పటి రేసింగ్ సైకిళ్లకు వేసే 700సి సైజు జాతి. మీ ఫ్రేముకు ఇంతకుముందు 27 అంగుళాల చక్రాలు ఉండుంటే దాని కొలత 630, ట్యూబులర్‌కు మారితే బ్రేకు రబ్బర్లు సుమారు నాలుగు మిల్లీమీటర్లు కిందికి జరగాలి. బ్రేకులో అంత చోటు ఉందో లేదో చూశాకే డబ్బు బయటికి తీయండి.

రిమ్ముల్లో ఏం వెతకాలి? ఫ్రాన్సు వాళ్ల మావిక్ జీపీ4 అయితే కళ్లు మూసుకుని కొనొచ్చు, గట్టిది, 1980లలో చాలా చేశారు కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది. అదే కంపెనీ జెల్ 280 పేరుకు తగ్గట్టు 280 గ్రాముల రిమ్ము, చేత్తో పట్టుకుంటే ముచ్చటేస్తుంది, కానీ మన రోడ్ల మీద రోజూ తొక్కడానికి నేను ససేమిరా వేయను, గుంతలో పడితే సొట్ట పడుతుంది. ఇటలీ నుంచి ఫియామ్మె, నిసి, ఆంబ్రోసియో ఉన్నాయి, ఫ్రాన్సు నుంచి సూపర్ ఛాంపియన్, జపాన్ నుంచి అరాయా. రాళ్లు పరిచిన దారుల్లో జరిగే పారిస్-రూబే రేసులో, కార్బన్ చక్రాలు వచ్చాక కూడా ఆంబ్రోసియో నెమెసిస్ రిమ్ములు వాడిన జట్లు ఉన్నాయి. అనంతపురం పల్లె రోడ్లు తొక్కేవాళ్లకు ఇంతకంటే సిఫారసు ఏం కావాలి?

ఎక్కడ దొరుకుతాయంటే, మన ఊళ్లలో నేరుగా దొరకడం కష్టం. అయినా పాత సైకిలు షాపు అటక, గుజిరీ అంగడి ఒకసారి చూడటంలో తప్పులేదు, కాకపోతే రిమ్ము కంటే పాత హబ్బులు, బ్రేకులు దొరికే అవకాశమే ఎక్కువ. అనంతపురం వాళ్లకు బెంగళూరు దగ్గర, 44వ నంబరు హైవే పట్టుకుంటే సుమారు రెండు వందల కిలోమీటర్లు, పాత రేసింగ్ సైకిళ్లు సేకరించేవాళ్లు అక్కడ ఉన్నారు, వాళ్లలో ఒకరితో పరిచయమైతే మిగతావాళ్ల దగ్గరికి వాళ్లే పంపిస్తారు. కర్నూలు వాళ్లకు హైదరాబాదు, కడప వాళ్లకు చెన్నై. హైదరాబాదులో ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్, అంటే సైకిలు రేసుల ట్రాకు, ఉంది, ట్రాక్ రేసింగ్ అంటేనే ట్యూబులర్, కాబట్టి ఒకప్పుడు అక్కడ తొక్కిన పాత రేసర్లనూ కోచ్‌లనూ మర్యాదగా అడిగి చూడండి. వాడకుండా గోడకు వేలాడదీసిన చక్రాల జత ఇట్లాంటివాళ్ల ఇళ్లలోనే ఉంటుంది. ఫోన్లో బేరం పెట్టకండి, పోయి కూర్చుని, సైకిలు చూపించి మాట్లాడండి.

ఇక మిగిలింది విదేశీ ఆన్‌లైన్ అంగడి ఈబే. బ్రిటన్ వాళ్లు ఈ రిమ్ములను స్ప్రింట్ రిమ్స్ అనీ టైర్లను టబ్స్ అనీ అంటారు, అమెరికా వాళ్లు సూ-అప్స్ అంటారు, ఆ పేర్లతో వెతికితే మామూలు వెతుకులాటలో కనపడని సరుకు బయటపడుతుంది. మొత్తం చక్రం కంటే ఒట్టి రిమ్ములు తెప్పించుకోవడం మేలు, పెట్టె సన్నగా ఉంటుంది, పోస్టేజీ తగ్గుతుంది. కస్టమ్స్ సుంకం మాత్రం పోస్టేజీ మీద కూడా పడుతుంది, లెక్క వేసుకునేటప్పుడు అది మరిచిపోవద్దు. కొనే ముందు రంధ్రాలు లెక్కపెట్టి చెప్పమనండి. మన పెద్ద సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉన్నట్టే పాత బ్రిటిష్ రిమ్ములకూ ఉంటాయి, ఇటలీ, ఫ్రాన్సు రిమ్ములు ఎక్కువగా ముందూ వెనకా 36. మీ హబ్బుకు ఎన్ని ఉన్నాయో అన్నే ఉండాలి.

ఫోటోలు అడిగేటప్పుడు అందంగా ఉన్న స్టిక్కరు ఫోటో మనకు అక్కర్లేదు. వాల్వు రంధ్రం, దానికి సరిగ్గా ఎదురుగా ఉండే అతుకు, స్పోకు రంధ్రాల చుట్టూ ఉన్న ఇత్తడో స్టీలో వలయాలు, ఇవి దగ్గర నుంచి తీసి పంపమనండి. ఆ వలయం అంచు నుంచి వెంట్రుకవాసి గీత బయలుదేరిందంటే అది గీత కాదు, పగులు. ఆ రిమ్ము వద్దు. రిమ్ము చేతికొచ్చాక బ్రేకు పట్టే ముఖం మీద గోరు అడ్డంగా లాగండి, మధ్యలో పల్లంగా తగిలితే బ్రేకు తినేసిందని అర్థం. చివరగా, మన ఇళ్లలో అరుగో అలమరో ఏదో ఒకచోట నున్నగా పాలిష్ పట్టిన కడప బండ ఉంటుంది కదా, రిమ్మును దాని మీద పడుకోబెట్టి చుట్టూ వేలితో నొక్కుతూ రండి. ఎక్కడైనా టకటకమని ఆడిందంటే వంకర ఉంది. కొద్దిపాటి వంకర స్పోకుల టెన్షన్‌తో సర్దుకుంటుంది, కానీ గుంతలో పడి లోపలికి నొక్కుకుపోయిన సొట్టను ఏ మేస్త్రీ పూర్తిగా తీయలేడు.

చక్రం అల్లడానికి బెండు తీసే మంచి మేస్త్రీ ఎవరైనా చాలు, ఒక్క చిట్కా ఆయనకు చెప్పండి. ఈ రిమ్ము లోపల డొల్ల ఉంటుంది, స్పోకును రిమ్ముకు బిగించే నిపిల్ జారి లోపల పడితే బయటికి తీయడానికి గంట పడుతుంది. ఒక స్పేరు స్పోకు మరను నిపిల్ తల వైపు నుంచి రెండు చుట్లు ఎక్కించి, దానితో పట్టుకుని రంధ్రంలోకి దించితే ఆ బాధ ఉండదు.

టైర్ల సంగతి. పాత క్లెమెంట్ సిల్కు టైర్లు వాడనివి అని ఫోటోలో కనపడితే ఆశ పుడుతుంది, నిజమే. గోడకు తగిలించుకోవడానికైతే కొనుక్కోండి. తొక్కడానికి వద్దు, పట్టీ ఊడిపోతుంది, పక్కల నూలు చివికి ఉంటుంది, నూరు పీఎస్ఐ గాలి పట్టగానే ఎక్కడో ఒకచోట ఉబ్బుతుంది. ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. విట్టోరియా, ఛాలెంజ్, వెలోఫ్లెక్స్ కంపెనీల టైర్లలో పక్కలు గోధుమ రంగులో ఉండేవి పాత సైకిలుకు భలే నప్పుతాయి. మొదటిసారి అంటించేవాళ్లు ఖరీదైనవాటి జోలికి పోకుండా విట్టోరియా ర్యాలీ, కాంటినెంటల్ జిరో (Giro) లాంటి చౌకవాటితో చేయి తిప్పుకోవడం మంచిది. వెడల్పు 25 మిల్లీమీటర్లు తీసుకోండి, ఫ్రేములో పడుతుందో లేదో కొలిచి. ఆ కాలం వాళ్లు తొక్కిన 21, 22 మన రోడ్లకు వద్దు.

అంటించడం అన్నిటికంటే ముఖ్యం, తొందరపడితే ప్రాణం మీదికొస్తుంది. టైరును ముందు జిగురు లేకుండా రిమ్ముకెక్కించి గాలి కొట్టి ఒకరోజైనా ఉంచండి, సాగుతుంది. తర్వాత తీసి, రిమ్ము మీది పాత జిగురు గీకి, ఎసిటోన్‌తో తుడవండి. రిమ్ముకు ఒక పలచని పూత, టైరు పట్టీకి ఒక పూత, రాత్రంతా ఆరనివ్వండి. మరుసటి రోజు రిమ్ముకు ఇంకో పూత. చివరి పూత పూశాక జిగట ఉండగానే టైరు ఎక్కించాలి, మన ఎండాకాలంలో అది చాలా త్వరగా ఆరిపోతుంది కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోండి, ఫ్యాను ఆపేయండి, లేదంటే దుమ్మంతా జిగురు మీదే. వాల్వు దగ్గర మొదలుపెట్టి రెండు చేతులతో రెండువైపులా కిందికి లాగుతూ రండి, చివర మిగిలిన జానెడు ముక్కను బొటనవేళ్లతో ఎత్తి రిమ్ము మీదికి తోయండి. చక్రం తిప్పి చూసి, పాములా పోతుంటే సరిచేసి, గాలి కొట్టి ఇంకో రోజు ముట్టుకోకుండా ఉంచండి. ఆ తర్వాత గాలి తీసేసి బొటనవేలితో పక్కకు తోయండి, ఎక్కడ లేచినా అక్కడ మళ్లీ జిగురు.

ఫెవిబాండ్ వేస్తే సరిపోదా అని అడుగుతారు చాలామంది. వద్దు. ట్యూబులర్ కోసమే చేసే జిగురు, అంటే రిమ్ సిమెంటు, ఆరినా జిగట పోదు, రోడ్డు పక్కన స్పేరు టైరు ఎక్కించినా పట్టుకుంటుంది, మనకు కావాల్సింది ఆ గుణం. విట్టోరియా మాస్టిక్ వన్ గానీ కాంటినెంటల్ వాళ్ల సిమెంటు గానీ టైర్లతోపాటే తెప్పించుకోండి.

ఈ జిగురు వేడికి మెత్తబడుతుంది. 2003 టూర్ ద ఫ్రాన్స్‌లో గ్యాప్ ఊరి వైపు దిగుతుండగా, ఎండకు కరిగిన తారు మీద స్పెయిన్ రేసరు హోసెబా బెలోకి చక్రం జారి, ట్యూబులర్ రిమ్ము నుంచి ఊడి, ఆయన తొడ ఎముక విరిగింది. మన మే నెల తారు ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా పట్టుకోకండి, కాస్త పట్టి వదులుతూ, ముందూ వెనకా మార్చుతూ దిగండి, మధ్యలో ఒకసారి ఆగి రిమ్ము చల్లారనివ్వండి. మధ్యాహ్నం పూట మూసిన కారులో ఈ చక్రాలు పెట్టి పోవద్దు.

పంచర్లు తప్పవు, పల్లేరు కాయలు, కంపముళ్లు ఉన్న నేల మనది. వాల్వు కోరు విప్పదీసే రకం టైరైతే సీలెంటు పోసుకోవచ్చు, చిన్న ముల్లు రంధ్రాలు మూసుకుంటాయి. ముందే జిగురు పూసి ఆరబెట్టిన స్పేరు టైరు ఒకటి మడిచి సీటు కింద కట్టుకోండి, అది ఎక్కించాక ఇంటిదాకా మలుపుల్లో నెమ్మదిగా రావాలి. పంచరైన టైరును పారేయకండి. పట్టీ కాస్త లేపి, కుట్టు మీద అడ్డంగా పెన్సిల్ గీతలు గీసి, కుట్టు విప్పి, ట్యూబుకు ప్యాచీ వేయండి. తిరిగి కుట్టడానికి చెప్పులు కుట్టే ఆయన మైనపు దారం బ్రహ్మాండంగా పనికొస్తుంది, పాత రంధ్రాల్లోంచే కుట్టమని చెప్పి, సూది ట్యూబుకు తగలకుండా మధ్యలో గట్టి అట్టముక్క అడ్డం పెట్టి, కుట్టేకొద్దీ దాన్ని జరుపుతూ పోండి.